కాళ్ల వంక కాదు, చేతుల వంక చూడండి

కొద్ది మాసాల క్రితం ఐ.టి.ఐ.లో ఫిట్టరు శిక్షణ పూర్తి చేసిన ఒక యువకుడు మా శాఖా కార్యాలయానికి వచ్చాడు. ఒక కర్మాగారంలో ఇంటర్వ్యూకు వెళ్లి తిరిగి వస్తున్నాడు. ఒక చేతిలో సర్టిఫికెట్ల ఫైలు, మరొక చేతిలో ప్లాస్టిక్ సంచి, ఆ సంచిలో ఒక జత నల్లబూట్లు వున్నాయి. కాళ్లకు హవాయి చెప్పులున్నాయి. రెండు మడమల మీద తోలు లేచిపోయి నెత్తురు చిమ్ముతున్నది. ఏమైందని అడిగాము. "చెప్పులతో పోతే గేటు దగ్గరే ఆపుతారని అందరూ అన్నారన్నా. బావ బూట్లు అడిగి తెచ్చుకున్నా. ఒక నెంబరు చిన్నవి" అన్నాడు.

ఉదయం 8 గంటలకు గేటు దగ్గర వరుసలో నిలబడినవాడిని మధ్యాహ్నం ఒంటిగంటకు లోపలికి పిలిచారు. ఇచ్చిన ఇనుప ముక్కను ఆకురాయితో కొలతకు సరిగ్గా అరగదీసి చూపించాడు. కొలతలో తప్పు లేదని పరీక్షించిన ఫోర్‌మన్ చెప్పాడట. కాని అతడు కుంటుతూ నడవడం చూచిన అధికారి, "కాలికి ఏమైనా లోపం వున్నదా? షిఫ్టు అంతా నిలబడగలవా?" అని అడిగాడు. బూట్లు బిగుతుగా వున్నాయని చెప్పడానికి అతనికి సిగ్గు వేసింది. ఉద్యోగం రాలేదు. కారణం ఏమిటో యాజమాన్యం చెప్పలేదు, మేము ఊహించి చెప్పదలచుకోలేదు. యోగ్యుడిగా కనిపించడానికి తొడిగిన బూటే అతనిని అయోగ్యుడిగా కనిపించేట్లు చేసిందన్నది మాత్రం మా కళ్ల ముందున్న వాస్తవం.

వేతన ఒప్పందాలు, బోనసు, కాంట్రాక్టు విధానం వంటి సమస్యలను చర్చించే ఈ పత్రికలో బూట్లను గురించి వ్రాయవలసిన అవసరమేమిటని కొందరు మిత్రులు ప్రశ్నించవచ్చు. కార్మికునికీ యాజమాన్యానికీ తొలి పరిచయం జరిగేది ఇంటర్వ్యూ గదిలోనే. ఆ గదిలో ఎవరు ఎవరిని ఏ ప్రమాణంతో కొలుస్తారన్నది యూనియన్లకు సంబంధించిన విషయమే. యూనియన్ సభ్యుడు కాకముందే, హాజరు పట్టికలో పేరు చేరకముందే, ఒక నిరుద్యోగి తన జేబులో లేని డబ్బును ఖర్చు చేయవలసి వస్తున్నది. ఆ ఖర్చు ఎవరు భరించాలన్నది కూలి ప్రశ్న వంటిదే.

ఈ ప్రశ్నకు మన దేశంలో పాత చరిత్ర వున్నది. 1820 దశకంలో గవర్నర్ జనరల్ ఆమ్హర్‌స్ట్ తన ముందుకు వచ్చే భారతీయులు గౌరవ సూచకంగా పాదరక్షలు విప్పి రావాలని పట్టుపట్టాడు. 19వ శతాబ్ది మధ్యభాగంలో డల్హౌసీ కాలంలో ఈ నియమం మరింత కఠినమైంది. ప్రభుత్వ కార్యాలయాలలో అడుగుపెట్టే భారతీయులు జోళ్లు గుమ్మం బయట విడువవలసి వచ్చింది. ఐరోపా దుస్తులు ధరించిన వారికి మాత్రం మినహాయింపు యిచ్చారు. అనగా సీమ బూటుకు లోపలికి అనుమతి వున్నది, దేశీయ జోడుకు లేదు. 1862లో సూరత్ న్యాయస్థానంలో ఎసెసరుగా వున్న మానక్‌జీ కోవాస్‌జీ ఎంటీ అనే పార్శీ ఉద్యోగి సెషన్స్ జడ్జి ఎదుట జోళ్లు విప్పడానికి నిరాకరించాడు. ఇంట్లోకి చెప్పులతో వెళ్లకపోవడం వేరు, కచేరీ వేరు అన్నది ఆనాటి వారి వాదన. ఇంట్లో నేల మీద కూర్చుంటాము, వీధి మురికి లోపలికి రాకూడదు కనుక చెప్పులు బయట విడుస్తాము. న్యాయస్థానం ఎవరి ఇల్లూ కాదు, అది ప్రజల స్థలం. అయినా ఆ నియమం తొలగిపోవడానికి ఎన్నో సంవత్సరాలు పట్టింది.

పరాయి ప్రభుత్వాన్ని మాత్రమే నిందించి చేతులు దులుపుకోవడం న్యాయం కాదు. మన గ్రామాలలో దళితులు పెత్తందారుల వీధిలో నడవవలసి వచ్చినపుడు చెప్పులు విప్పి చేత పట్టుకొని నడిచిన రోజులు పెద్దలు ఎరుగుదురు. తోలు ఊని, కిర్రుచెప్పులు కుట్టి ఊరందరి కాళ్లకూ తొడిగిన మాదిగ కుటుంబాలకే తమ చెప్పులు తాము తొడుక్కొని ఊరి నడుమ నడిచే హక్కు లేకపోయింది. కాలికి ఏమి వున్నదో చూచి మనిషి స్థానాన్ని నిర్ణయించే అలవాటు మనకు రెండు వైపుల నుంచీ వచ్చింది. నాడు చెప్పులు తొడుక్కున్నందుకు శిక్షించారు. నేడు బూట్లు తొడుక్కోనందుకు తిప్పి పంపుతున్నారు. నియమం తలక్రిందులైంది కాని, నియమం పెట్టేవాడు, తలవంచేవాడు మారలేదు.

ఈ వ్యవహారంలోని వైరుధ్యం ఎంత విచిత్రమో చూడండి. వైద్య కళాశాలల ప్రవేశానికి జరిగే నీట్ పరీక్షకు బూట్లతో రాకూడదు. చెప్పులు, తక్కువ ఎత్తు మడమలున్న శాండల్స్ మాత్రమే ధరించాలి. 2018లో బీహారు పరీక్షల బోర్డు పదవ తరగతి పరీక్షకు బూట్లు, మేజోళ్లు ధరించి రావద్దని ఆదేశించింది. తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ కూడా తన పరీక్షలకు బూట్లు వద్దు, చెప్పులతోనే రావాలని సూచనలిచ్చిన సందర్భాలున్నాయి. బూటులో కాపీ చీటీలు దాచవచ్చునన్న అనుమానం దీనికి కారణం. కాబట్టి వ్రాతపరీక్ష నాడు బూటు తొడిగినవాడు అనుమానితుడు. అదే అభ్యర్థి ఇంటర్వ్యూ నాడు చెప్పులతో వస్తే మర్యాద తెలియనివాడు. రెండుచోట్లా అతని తెలివి అదే, చేతిపని అదే. అతని కాళ్లకేసి చూచేవారి ఉద్దేశం మాత్రమే మారింది.

ఇంతకూ ఇంటర్వ్యూలో బూటు దేనిని కొలుస్తుంది? నైపుణ్యాన్ని కొలవదు. నిజాయితీని కొలవదు. ఆ ఇంట్లో బూట్లు కొనడానికి డబ్బు వున్నదా లేదా అన్నదానిని మాత్రం కచ్చితంగా కొలుస్తుంది. దినకూలి మీద బ్రతికే కుటుంబంలో ఒక మోస్తరు తోలుబూట్ల జత కొనడమంటే అనేక రోజుల కూలి వెచ్చించడమే. 2022 జనవరిలో వెయ్యి రూపాయల లోపు పాదరక్షల మీద జి.ఎస్.టి.ని 5 శాతం నుంచి 12 శాతానికి పెంచారు. పేదవాడు కొనే చెప్పుల మీదనే ఆ భారం పడింది. 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 రూపాయల వరకు ధర వున్న జతలపై పన్ను 5 శాతమైంది. ఇది ఆహ్వానించదగినదే. అయితే పన్ను తగ్గినంత మాత్రాన ఒక్కరోజు ఇంటర్వ్యూ కోసం అప్పు చేసి కొన్న బూటు న్యాయమైన ఖర్చు కాబోదు.

యాజమాన్యాల వాదన మాకు తెలియనిది కాదు. "మేము బూటును చూడము, క్రమశిక్షణను చూస్తాము. శుభ్రంగా రాలేనివాడు యంత్రాన్ని శుభ్రంగా వుంచుతాడా?" అని వారంటారు. శుభ్రత అవసరమని మేమూ అంగీకరిస్తాము. కడిగి తుడిచిన చెప్పులు శుభ్రమైనవే, దుమ్ము పట్టిన బూటు శుభ్రమైనది కాదు. శుభ్రతను కోరేవారు శుభ్రతనే చూడాలి, వస్తువు ఖరీదును చూడరాదు. కొనుగోలుదారులతో మాట్లాడవలసిన ఉద్యోగాలకు ఒక తరహా దుస్తులు అవసరమని దుకాణదారులు, హోటళ్ల వారు అంటారు. అట్లయితే ఉద్యోగంలో చేర్చుకొన్న తర్వాత యూనిఫారంతో పాటు బూట్లు కూడా వారే యివ్వాలి. ఇంకా ఇవ్వని ఉద్యోగానికి యూనిఫారం ముందుగానే సొంత డబ్బుతో కొనుక్కొని రమ్మనడం ఏ న్యాయం?

కర్మాగారాలలో పాదరక్ష అలంకారం కాదు, ప్రాణరక్షణ సాధనం. ముందుభాగంలో ఉక్కు తొడుగు వున్న సేఫ్టీ బూటు బరువైన వస్తువు జారిపడినపుడు కాలివేళ్లను కాపాడుతుంది. వెల్డింగు చోట ఎగిరే నిప్పురవ్వలకు నైలాను క్రీడాబూట్లు కరిగి చర్మానికి అంటుకుంటాయి, హవాయి చెప్పులు అసలు అడ్డమే కావు. ఇక్కడ బూటు తప్పనిసరి అనడంలో మాకు భేదాభిప్రాయం లేదు. దాని ఖర్చు మాత్రం కార్మికునిపై పడరాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1981లో ఆమోదించిన 155వ ఒడంబడికలోని 21వ అధికరణం, భద్రతా ఆరోగ్య చర్యల కోసం కార్మికులపై ఎట్టి ఖర్చూ పడరాదని స్పష్టంగా చెప్పింది. 2022లో ఆ సంస్థ ఈ ఒడంబడికను మౌలిక ఒడంబడికల కోవలో చేర్చింది. మన దేశంలో 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన 2020 నాటి వృత్తి భద్రతా కోడ్ పట్ల కార్మికోద్యమానికి ఎన్ని అభ్యంతరాలున్నా, భద్రత కోసం సమకూర్చిన దేనికీ ఉద్యోగి నుంచి రుసుము వసూలు చేయరాదని అందులోనూ వున్నది.

ఇక్కడే చట్టంలో ఒక ఖాళీ కనిపిస్తున్నది. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి సేఫ్టీ బూటు యాజమాన్యం బాధ్యత. కాని ట్రేడ్ టెస్టు నాడు అభ్యర్థి ఇంకా ఉద్యోగి కాడు. అతనిని అదే కర్మాగారంలో, అదే యంత్రం ముందు, అదే నిప్పురవ్వల మధ్య నిలబెడతారు. ప్రమాదం ఉద్యోగికీ అభ్యర్థికీ తేడా చూడదు. రక్షణ బాధ్యత మాత్రం తేడా చూపుతున్నది. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ ప్రాంతాల నుంచి గల్ఫ్ దేశాల పనుల కోసం ట్రేడ్ టెస్టులకు వెళ్లే యువకుల విషయంలోనూ ఇదే పరిస్థితి. ప్రయాణ ఖర్చులకు అప్పు, ఏజెంటుకు అప్పు, ఆపై బూట్లకు మరొక అప్పు.

మహిళా అభ్యర్థుల స్థితి వేరు, మరింత బాధాకరం. రిసెప్షన్, విక్రయశాల ఉద్యోగాలకు వెళ్లే అమ్మాయిలకు ఎత్తు మడమల చెప్పులుంటేనే "చూడడానికి బాగుంటుంది" అని సలహా చెప్పేవారు ఎందరో. ఉద్యోగం వచ్చాక ఆ చెప్పులతోనే రోజంతా నిలబడాలి. పాదం ముందుభాగం మీద బరువు పడి వేళ్లు, మోకాళ్లు, నడుము నొప్పి పుడతాయి. ఫిలిప్పీన్స్ ప్రభుత్వం 2017లో ఎత్తు మడమల చెప్పులను తప్పనిసరి చేయరాదని ఉత్తర్వు యిచ్చింది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రం కూడా అదే సంవత్సరం అటువంటి నిబంధన తెచ్చింది. మన దేశంలో కోళికోడ్‌కు చెందిన పెణ్‌కూట్టు వంటి మహిళా సంఘాల పోరాటం వలన కేరళ 2018లో దుకాణ కార్మికులకు కూర్చునే హక్కును చట్టంలో చేర్చింది. తమిళనాడు 2021లో అదే చేసింది. కూర్చునే హక్కు సాధించిన ఉద్యమం, కాళ్లను నొప్పించే చెప్పుల నుంచి విముక్తిని సాధించలేదా?

వికలాంగులను, మధుమేహ రోగులను, కుష్ఠు నుంచి కోలుకొన్నవారిని కూడా మరువరాదు. పాదాలలో స్పర్శ తగ్గినవారికి వైద్యులు మెత్తని ఎం.సి.ఆర్. రబ్బరు చెప్పులు సూచిస్తారు. అటువంటి చెప్పులు ధరించి వచ్చిన అభ్యర్థిని నిర్లక్ష్యంగా వచ్చాడని భావించడం క్రూరత్వమే. బిగుతు బూటులో పుట్టిన ఒక్క బొబ్బ అతనికి మానని పుండుగా మారవచ్చు.

వ్యవస్థ మారే వరకు ఇంటర్వ్యూలు ఆగవు. రేపు ఉదయమే వెళ్లవలసిన తమ్ముడికీ చెల్లెలికీ మేమేమి చెప్పాలి? అనుభవం నుంచి కొన్ని మాటలు చెబుతాము. అప్పు చేసి బూట్లు కొనవద్దు. ఇంట్లో పాతబూట్లుంటే వీధి చివర చెప్పులు కుట్టే వృత్తిదారు దగ్గర అట్ట బిగించి, కుట్లు వేయించి, పాలిష్ చేయిస్తే చాలు. మీ డబ్బు మరొక శ్రామికునికి చేరుతుంది. కొనక తప్పకపోతే సాయంకాలం కొనండి. పగలంతా నడిచిన పాదం కొంత ఉబ్బి వుంటుంది, అప్పుడు సరిపోయినదే మరునాడు కూడా సరిపోతుంది. రెండు కాళ్లకూ తొడిగి చూడండి, ఒక పాదం రెండవదానికంటె కొంచెం పెద్దదిగా వుండడం సాధారణం. ఇంటర్వ్యూ నాడే కొత్తబూట్లు తొడగవద్దు. మూడు నాలుగు రోజులు ఇంట్లో తొడిగి తిరగండి. ఎరువు తెచ్చుకోవలసి వస్తే నెంబరు సరిపోయినదే తెచ్చుకోండి. చిన్నబూటుకంటె శుభ్రమైన చెప్పు వేయి రెట్లు మేలు.

బూట్లు లేనివారు వెనుక పట్టీ వున్న శాండల్స్‌ను కడిగి, తుడిచి, తెగిన పట్టీలు కుట్టించుకొని ధైర్యంగా వెళ్లండి. వర్షాకాలంలో గేటు వరకు చెప్పులతో వెళ్లి, అక్కడ కాళ్లు తుడుచుకొని బూట్లు తొడుక్కోండి, సంచిలో ఒక పాతగుడ్డ వుంచుకోండి. ట్రేడ్ టెస్టుకు వెళ్లే ఫిట్టర్లు, వెల్డర్లు, ఎలక్ట్రీషియన్లు వేళ్లు కనిపించే చెప్పులతో యంత్రం ముందు నిలబడవద్దు. ముందుభాగం మూసివున్న, మందపాటి అట్ట వున్న బూటు లేకపోతే పరీక్షకు ముందే అధికారిని అడగండి. రక్షణ కోరడం అవిధేయత కాదు, వృత్తి తెలిసినవాడి లక్షణం. మహిళలు చదునైన, పాదానికి పట్టివుండే చెప్పులు ధరించండి. కాలు నొప్పి పుడితే కారణం దాచవద్దు. పైన చెప్పిన యువకుడు "బూట్లు బిగుతు" అని ఒక్కమాట అని వుంటే ఆ అధికారి అనుమానానికి తావుండేది కాదు.

అభ్యర్థులకు సలహా యిచ్చి ఊరుకోవడం యూనియన్ల పని కాదు. ఈ క్రింది కోర్కెలను ప్రతి శాఖ తన యాజమాన్యం ముందు వుంచాలని మేము విజ్ఞప్తి చేస్తున్నాము. మొదటిది, దుస్తుల విషయంలో ఏదైనా నియమం వుంటే ఇంటర్వ్యూ పిలుపు ఉత్తరంలో స్పష్టంగా వ్రాయాలి. వ్రాయని నియమంతో ఎవరినీ తిప్పి పంపరాదు. రెండవది, ట్రేడ్ టెస్టుకు పిలిచిన చోట వివిధ కొలతల సేఫ్టీ బూట్లు గేటు దగ్గర వుంచి, పరీక్ష ముగిసేవరకు అభ్యర్థికి ఉచితంగా యివ్వాలి. మూడవది, మార్కుల పట్టికలో "వేషధారణ" అన్న గడి తొలగించాలి. పనికి సంబంధించిన పరీక్ష మొదట జరగాలి, మాటల ఇంటర్వ్యూ తర్వాత జరగాలి. నాలుగవది, మహిళలకు ఎత్తు మడమల నియమం ఏ రూపంలోనూ వుండరాదు. ఐదవది, వైద్య కారణాలతో ప్రత్యేక పాదరక్షలు ధరించేవారి పట్ల ఎట్టి వివక్షా చూపరాదు.

అసలు చేతిపని ఉద్యోగాలకు మాటల ఇంటర్వ్యూ ఎందుకన్న ప్రశ్న కూడా వున్నది. కేంద్రప్రభుత్వం 2016 జనవరి 1 నుంచి గ్రూప్-సి, నాన్‌గెజిటెడ్ గ్రూప్-బి స్థాయి ఉద్యోగాలకు ఇంటర్వ్యూలను తొలగించింది. తెలంగాణ ప్రభుత్వం 2022లో గ్రూప్-1, గ్రూప్-2 నియామకాలకు సైతం ఇంటర్వ్యూ అవసరం లేదని నిర్ణయించింది. అంత పెద్ద పదవులకు అవసరం లేని ముఖపరీక్ష ఒక ఫిట్టరుకు ఎందుకు అవసరం? లేతుయంత్రం ముందు నిలబెట్టి చూస్తే పది నిమిషాలలో అతని పనితనం తెలిసిపోతుంది.

మన బాధ్యత కూడా కొంత వున్నది. యూనియన్ కార్యాలయాలకు వచ్చేవారిని మనమే కాళ్లు చూచి కుర్చీ వేయడమో, వేయకపోవడమో చేసిన సందర్భాలు లేవా? ముందు మనం సరిదిద్దుకోవాలి. తర్వాత ప్రతి శాఖా కార్యాలయంలో ఒక బీరువాలో 6 నుంచి 10 నెంబర్ల వరకు నాలుగైదు జతల మంచి బూట్లు వుంచడం పెద్ద ఖర్చు కాదు. పదవీ విరమణ చేసిన సభ్యులు వాడని బూట్లు యివ్వవచ్చు. గ్రంథాలయంలో పుస్తకం వలె తీసుకొని, ఇంటర్వ్యూ అయ్యాక తుడిచి తిరిగి యిచ్చే పద్ధతి పెట్టవచ్చు. ఇది దానం కాదు, పరస్పర సహాయం. యూనియన్లు పుట్టింది అటువంటి సహాయ నిధుల నుంచే.

ఆ యువకుని సంచిలోని నల్లబూట్లు ఎక్కడ తయారైనవో మాకు తెలియదు. ఆగ్రాలోని ఒక ఇరుకు గదిలో కుట్టినవి కావచ్చు. ఆంబూరులో ఒక తల్లి ఇంటి అరుగు మీద కూర్చొని, జతకు ఇంత అని కూలి తీసుకొని, పైతోలు కుట్టినవి కావచ్చు. ఆమె కొడుకు కూడా రేపు ఎక్కడో ఒక గేటు ముందు వరుసలో నిలబడతాడు. అప్పుడు అతని కాళ్లకు బూట్లున్నాయా అని కాక, అతని చేతులకు పని వచ్చునా అని అడిగే రోజు రావాలి. మా శాఖ బీరువాలో ఇప్పటికే మూడు జతలు చేరాయి. ఆ యువకుడు వచ్చే వారం మరొక ఇంటర్వ్యూకు వెళ్తున్నాడు. ఈసారి అతనికి సరిపోయిన 8వ నెంబరు జత అక్కడ సిద్ధంగా వున్నది. మిగిలిన శాఖలు కూడా పై కోర్కెలపై తీర్మానాలు చేసి, యాజమాన్యాలకు అందజేసి, ప్రతులను ఈ పత్రికకు పంపవలసిందిగా కోరుతున్నాము.